చీరాల వాళ్లు ఊరెందుకు విడిచారు: ఇంటి పన్ను కథ, మన వార్డు కథ

ప్రతి ఏడాదీ ఈ పుస్తకంలో పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజీ లెక్కలు, ఏ సంఘం ఏ గ్రేడులో ఉందన్న పట్టికలు వేస్తాం. ఈసారి కూడా అవి వెనక పేజీల్లో ఉన్నాయి. ముందు ఈ కొన్ని పేజీలు మాత్రం ఒక పాత కథకి ఇచ్చాం. ఎందుకంటే ఈ సంవత్సరం ఏ ఎస్‌ఎల్‌ఎఫ్ సమావేశానికి వెళ్లినా, అప్పుల మాట అయ్యాక ఇంటి పన్ను మాట, కాలవ మాట, కుళాయి మాట వచ్చాయి. "మునిసిపాలిటీ అంటే వసూళ్ల ఆఫీసే గదా, మనకేం ఇస్తుంది" అన్నవాళ్లు చాలామంది ఉన్నారు.

ఇదే మాట నూరేళ్ల కిందట చీరాలలో పుట్టింది. అక్కడివాళ్లు మాటతో ఆగలేదు. మునిసిపాలిటీ మాకొద్దు అని ఇళ్లకు తాళాలు వేసి ఊరు విడిచి వెళ్లిపోయారు. వెళ్లినవాళ్లు పదీ ఇరవై మంది కాదు, సుమారు 13,000 మంది. పదకొండు నెలలు బయటే ఉన్నారు.

మన పిల్లల పుస్తకాల్లో ఈ కథ స్వాతంత్ర్య పోరాటం పాఠంలో నాలుగు వరుసల్లో వస్తుంది. గాంధీగారు, సహాయ నిరాకరణ, ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు, అంతటితో అయిపోతుంది. కానీ ఆ పోరాటం మొదలైంది ఇంటి పన్ను నోటీసు దగ్గర. అందుకే అది మన కథ కూడా అనుకుంటున్నాం. చీరాల దాకా వెళ్లేముందు అసలు మునిసిపాలిటీ మన ఊళ్లకి ఎలా వచ్చిందో కొంచెం చెప్పుకోవాలి.

పోలీసుల జీతానికి ఇంటి పన్ను

మన రాష్ట్రంలో అన్నిటికన్నా పాత మునిసిపాలిటీ భీమునిపట్నం. 1861 నుంచి లెక్క చెబుతారు. తర్వాత 1865లో మద్రాసు ప్రభుత్వం పట్టణాల అభివృద్ధికి అంటూ ఒక చట్టం చేసింది. ఆ చట్టం వచ్చిన మరుసటి ఏడాది, 1866లో గుంటూరు, రాజమండ్రి, కాకినాడ, నెల్లూరు, బందరు లాంటి ఊళ్లు మునిసిపాలిటీలు అయ్యాయి. విజయవాడ వంతు 1888లో వచ్చింది.

చట్టం పేరులో అభివృద్ధి ఉంది గానీ లోపల ఒక మెలిక ఉంది. పట్టణంలో పోలీసులకయ్యే ఖర్చులో ముప్పాతిక వంతు మునిసిపాలిటీయే కట్టాలి. అంటే జనం దగ్గర ఇంటి పన్ను, బండి పన్ను వసూలు చేసి, ముందు పోలీసుల ఖర్చు తియ్యాలి. మిగిలితే వీధి దీపాలు, రోడ్లు. కౌన్సిల్లో కూర్చునేవాళ్లు ఎన్నికైనవాళ్లు కాదు, సర్కారు పేర్లు రాసి పెట్టినవాళ్లు. పెద్ద కుర్చీ కలెక్టరుది. కాబట్టి మునిసిపాలిటీ వసూళ్ల ఆఫీసు అన్న మాట ఎవరో కోపంలో అన్నది కాదు. అది మొదట అలాగే పుట్టింది.

1871లో ఇంకో చట్టం వచ్చి పోలీసు ఖర్చు తీసేసింది, బడులు, ఆసుపత్రుల పని చేర్చింది. 1882లో రిప్పన్ ప్రభువు స్థానిక స్వపరిపాలన తీర్మానం చేశాడు, 1884 చట్టంతో కౌన్సిళ్లకు ఎన్నికైన సభ్యులు రావడం పెరిగింది. కానీ ఓటు అందరిదీ కాదు. ఇంత పన్ను కట్టేవాడికే ఓటు. కూలి చేసుకునేవాళ్లకీ, పాకల్లో ఉండేవాళ్లకీ, మనలాంటి ఆడవాళ్లకీ ఆ కౌన్సిల్ హాలు మెట్లు ఎలా ఉంటాయో కూడా తెలిసే అవకాశం లేదు.

నాలుగు వేలు నలభై వేలయిన ఊరు

చీరాల, పేరాల, పక్కనున్న జాండ్రపేట, వీరరాఘవపేట కలిపి అప్పట్లో ఒక యూనియన్. మన పంచాయతీ లాంటిదనుకోవచ్చు. అప్పుడది గుంటూరు జిల్లాలో ఉంది. అన్నీ కలిపి జనాభా సుమారు 15,000. ఎక్కువగా నేతపని మీద బతికే ఊరు. యూనియన్‌గా ఉన్నప్పుడు ఏడాదికి సుమారు 4,000 రూపాయల పన్ను కట్టేవాళ్లు. 1919లో ప్రభుత్వం దాన్ని మునిసిపాలిటీ చేసింది. ఊరు పెరిగింది, పారిశుద్ధ్యం బాగుచెయ్యాలి అన్నారు. పన్ను మాత్రం దగ్గర దగ్గర 40,000 అయింది.

పది రెట్లు. మన ఇంటికి ఏడాదికి వెయ్యి రూపాయల నోటీసు వచ్చేది ఒక్కసారిగా పదివేలయితే ఎలా ఉంటుందో అనుకుని చూడండి. పైగా అది మొదటి ప్రపంచ యుద్ధం అయిపోయిన కాలం, తిండిగింజల ధరలు మండిపోతున్నాయి. ఒక చీర నేస్తే వచ్చే కూలి మాత్రం అంత వేగంగా పెరగలేదు.

జనం ముందు చేసిన పని అర్జీలు పెట్టడం. అవి పని చెయ్యలేదు. ఆ రోజుల్లో ఈ పోరాటానికి ముందు నిలబడ్డవాడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు. కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో 1889లో పుట్టి, ఎడింబరో వెళ్లి చదువుకుని వచ్చిన మనిషి. ఆయన రామదండు అని స్వచ్ఛంద సేవకుల దళం ఒకటి తయారుచేశారు. మన సంఘాల మాటలో చెప్పాలంటే, ఊరంతా ఒక మాట మీద నిలబడడానికి కావలసిన కేడర్ అది. పన్ను కట్టం అన్నారు. ప్రభుత్వం కేసులు పెట్టింది. 1921 మొదట్లో పన్ను కట్టనందుకు కొందరిని జైలుకు పంపారు.

ఆ జైలుకెళ్లినవాళ్లలో ఒక ఆడమనిషి ఉంది. రావూరి అలివేలమ్మ. మన దేశంలో రాజకీయ కారణంతో జైలుకు వెళ్లిన తొలి స్త్రీలలో ఒకరిగా ఆమెని చెబుతారు. గోపాలకృష్ణయ్యగారి గురించి పుస్తకాలున్నాయి, విగ్రహాలున్నాయి. ఈమె గురించి ఎక్కడ చూసినా ఒక వాక్యమే. ఆ ఒక్క వాక్యాన్ని కూడా మనవాళ్లలో ఎంతమంది విన్నారని ఈ వ్యాసం రాసే ముందు మూడు ఎస్‌ఎల్‌ఎఫ్‌లలో అడిగాం. చెయ్యెత్తినవాళ్లు లేరు. ఆమెకి ఆ మునిసిపాలిటీని నడపడంలో ఏ వంతూ లేదు. కౌన్సిల్లో ఆమెలాంటివాళ్లకి సీటు లేదు. ఆమె దగ్గర ఉన్నది ఒకటే, కట్టను అనే మాట. దానికి శిక్ష పడింది.

1921 మార్చి ఆఖర్లో విజయవాడలో కాంగ్రెసు పెద్ద సమావేశం జరిగింది. దానికోసం వచ్చిన గాంధీగారు ఏప్రిల్ 6న చీరాల వచ్చారు. ఆయన చెప్పిన దారులు రెండు. ఒకటి, శాంతంగా పన్ను నిరాకరించడం. రెండోది, మునిసిపాలిటీ హద్దు దాటి బయటికి వెళ్లిపోవడం. హద్దు లోపల ఉంటే కదా పన్ను, హద్దు బయట మునిసిపాలిటీకి పనేముంది? ఊరివాళ్లు రెండో దారి పట్టారు. మే నెల మొదలయ్యేసరికి ఊరు ఖాళీ అయింది. 15,000 మందిలో సుమారు 13,000 మంది బయటికొచ్చి పాకలు వేసుకున్నారు. ఆ పాకల ఊరికి రామనగర్ అని పేరు పెట్టుకున్నారు.

ఇక్కడ కొంచెం ఆగుదాం. మే నెల, కోస్తా ఎండ. గుంట మగ్గం అంటే నేలలో గొయ్యి తవ్వి అందులో కాళ్లు పెట్టి నేసేది. దాన్ని మంచంలాగా ఎత్తుకుపోలేం. మగ్గం ఆగితే పనంతా ఆగుతుంది. మగవాడు నేస్తాడు అంటాం గానీ, నూలు తోడడం, కండెలు చుట్టడం, ఆసు పొయ్యడం ఆడవాళ్ల పని, ముసలమ్మల పని, పిల్లల పని. ఇదంతా తాటాకు పాక కింద మళ్లీ మొదటినుంచి పెట్టుకోవాలి. పొయ్యి ఎక్కడ పెట్టారు? నీళ్లు ఎంత దూరం మోశారు? ఆ పదకొండు నెలల్లో కాన్పులు కూడా అయ్యే ఉంటాయి కదా, ఎవరు చూసుకున్నారు? వానాకాలం పాక కారుతుంటే నూలు ఎక్కడ దాచారు? చరిత్ర రాసినవాళ్లు ఉపన్యాసాలు రాశారు, ఇవి రాయలేదు. కానీ తుఫానుకి ఇల్లు వదిలి బడిలో పదిరోజులు ఉన్న మన సభ్యులు చాలామందే ఉన్నారు. ఆ పదిరోజుల్ని పదకొండు నెలలు చేసి ఊహించుకుంటే రామనగర్ కొంతవరకు అర్థమవుతుంది. మాకు తెలిసి ఆ ఉద్యమాన్ని అన్నాళ్లు నిలబెట్టింది ఉపన్యాసాల కన్నా ఆ పొయ్యిలే.

అప్పుడు మద్రాసులో స్థానిక స్వపరిపాలన శాఖ చూస్తున్న మంత్రి పానగల్ రాజా రామరాయణింగారు. ఆయనా తెలుగువాడే. తెలుగు మంత్రి ఉన్నా తీర్పు మారలేదు. ఊరి పన్ను ఎంతుండాలన్నది ఊళ్లో కాకుండా మద్రాసులో తేలే విషయంగానే ఉండిపోయింది.

గోపాలకృష్ణయ్యగారు రామనగర్‌కి డబ్బు సమకూర్చడానికి తిరుగుతూ బరంపురం వెళ్లారు. అక్కడ మాట్లాడకూడదని ఆంక్ష పెట్టారు, ఆయన మాట్లాడారు, ఏడాది జైలు వేసి తిరుచినాపల్లి పంపారు. నాయకుడు జైల్లో, చేతిలో డబ్బు లేదు, వ్యాపారం ఆగిపోయింది. పదకొండు నెలల తర్వాత జనం తిరిగి ఇళ్లకు వచ్చారు. మునిసిపాలిటీ అలాగే ఉంది. చీరాల ఇప్పటికీ మునిసిపాలిటీయే. గోపాలకృష్ణయ్యగారు 1928లో క్షయతో పోయారు. అప్పటికి ఆయనకి నలభై కూడా నిండలేదు.

అంటే ఓడిపోయారు. పాఠాల్లో ఈ ముక్క మెత్తగా చెబుతారు గానీ దాచాల్సిన పనేం లేదు. ఓడిపోయినా వాళ్లు అడిగిన ప్రశ్న సరైనది. వాళ్లు పన్నే కట్టం అనలేదు, యూనియన్ పన్ను కడుతూనే ఉన్నారు. నాలుగు వేలు తీసుకున్నప్పుడు ఏం చేశారు, నలభై వేలు తీసుకుని అదనంగా ఏం చేస్తారు అన్నది వాళ్ల ప్రశ్న. దానికి జవాబు చెప్పే చోట వాళ్లకి కుర్చీ లేదు. అందుకే ఊరు విడిచిపోవడం తప్ప దారి కనపడలేదు.

మునిసిపాలిటీ వద్దు అనడం సరైనదేనా అని కూడా మా కమిటీలో వాదన జరిగింది. కలరా, మసూచి తిరిగే రోజుల్లో కాలవలు, మంచినీళ్లు, టీకాలు చూసే సంస్థ అక్కర్లేదంటామా? అనం. ఇప్పుడు కూడా పట్టణం పక్కన ఉన్న గ్రామాలని మునిసిపాలిటీలో కలుపుతాం అంటే ఇదే గొడవ వస్తుంది. గ్రామం పట్టణమైతే ఉపాధి హామీ పని పోతుంది, ఇంటి పన్ను పెరుగుతుంది, సంఘం వెలుగు నుంచి మెప్మాకి మారుతుంది. రోడ్డు, కాలవ, కుళాయి మాత్రం తర్వాత వస్తాయంటారు. ఆ తర్వాత ఎప్పుడో ఎవరూ కాగితం మీద రాసివ్వరు. అలా కలిసిన ఊళ్ల నుంచి వచ్చిన సభ్యులు మనలో ఉన్నారు, వాళ్లకి చీరాల కథ వేరే వివరించక్కర్లేదు.

కుర్చీ వచ్చిన దారి

చీరాల ఖాళీ అయిన అదే 1921లో మద్రాసు శాసనసభ ఆడవాళ్లకి ఓటు ఇవ్వడానికి ఒప్పుకుంది. అదీ ఆస్తి ఉన్నవాళ్లకే. అందరికీ ఓటు స్వతంత్రం వచ్చాక, రాజ్యాంగంతో వచ్చింది. ఇప్పుడు మన పట్టణాలు నడిచే మునిసిపాలిటీల చట్టం 1965 నాటిది. కానీ ఆడవాళ్లు కౌన్సిల్లో లెక్కలోకి వచ్చింది 74వ రాజ్యాంగ సవరణతో. అది 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. మూడో వంతు సీట్లు ఆడవాళ్లవి కావాలంది. మన రాష్ట్రంలో ఆ లెక్కన ఎన్నికలు 1995లో జరిగాయి. 2014 ఎన్నికల నాటికి అది సగం అయింది.

సగం సీట్లు అన్నాక ఒక మాట చెప్పుకోవాలి. ఆమె పేరు గోడ మీద ఉంటుంది, ఫోను ఆయన ఎత్తుతాడు. ఇది అన్ని పార్టీల్లోనూ ఉన్న జాడ్యం. కానీ ఇరవై ఏళ్ల కిందట మన సంఘాల్లో కూడా పాసుబుక్కు భర్త దగ్గరే ఉండేది, బ్యాంకుకి ఆయనే వచ్చేవాడు. ఇప్పుడు అలా లేదు. కౌన్సిల్లోనూ మారుతుంది. మన సంఘాల్లోంచి వెళ్లినవాళ్లు ఎక్కువయితే ఇంకా తొందరగా మారుతుందని మా నమ్మకం.

సంఘాల దారి ఇంకొకటి. పట్టణ పేదలు తమ బస్తీ సంగతి తామే చూసుకునే పద్ధతి మన దగ్గర 1967లో హైదరాబాదు కార్పొరేషన్ నడిపిన పట్టణ సమాజాభివృద్ధి పథకంతో మొదలైంది. పల్లెల్లో 1982లో డ్వాక్రా వచ్చింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు, అది రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరులో సారా నిషేధం తెచ్చింది. ఆ ఊపులోనే పొదుపు సంఘాలు ఇల్లిల్లూ తట్టాయి. పట్టణాల్లో 1997లో స్వర్ణజయంతి పథకం కింద డ్వాక్వా సంఘాలు, 2007లో మెప్మా, ఆ తర్వాత ఎస్‌ఎల్‌ఎఫ్‌లు, మన టీఎల్‌ఎఫ్. ఇది మీకు తెలిసిందే.

మధ్యలో జరిగిన ఒకటి చాలామంది మర్చిపోయారు. 2000 ప్రాంతంలో 32 పెద్ద పట్టణాల్లో పేదలకి సేవలు అని ఒక పథకం నడిచింది. బస్తీ ఆడవాళ్లని కూర్చోబెట్టి, మీ వీధికి ముందు ఏం కావాలి, తర్వాత ఏం కావాలి అని వరస పెట్టించి, దాన్నిబట్టి కాలవలు, సిమెంటు రోడ్లు, మరుగుదొడ్లు వేశారు. దానికి డబ్బు బ్రిటిష్ ప్రభుత్వం ఇచ్చింది. పోలీసుల జీతానికి మన ఇంటి పన్ను పట్టిన దేశమే, నూటపాతికేళ్లు దాటాక మన బస్తీ కాలవకి డబ్బు పంపింది. చరిత్ర ఒక్కోసారి నవ్వు తెప్పిస్తుంది. ఆ పథకం ఉన్న పట్టణాల్లో పాత సభ్యుల్ని అడిగితే ఇప్పటికీ చెబుతారు: మా వీధికి ఏది ముందో మమ్మల్ని అడిగింది అప్పుడే అని.

వీధులు ఊడ్చే పని కూడా ఒక దశలో విశాఖ లాంటి చోట్ల డ్వాక్వా సంఘాలకే ఇచ్చారు. తర్వాత పద్ధతి మారింది, దానిమీద ఆ సంఘాల ఆడవాళ్లు ధర్నాలు చేశారు. మన సభ్యుల్లో పన్ను కట్టేవాళ్లూ ఉన్నారు, ఆ పన్నుతో వచ్చే జీతం మీద బతికే పారిశుద్ధ్య కార్మికులూ ఉన్నారు. అందుకే పన్ను తగ్గించాలి అన్న ఒక్క మాటతో మన పని తీరదు. తగ్గిన డబ్బు ఎవరి జీతంలో కోస్తారన్నది కూడా మన ఇంటి సంగతే.

నోటీసులో ఏముందో చదవడం

ఇప్పుడు మన ఇంటికొచ్చే నోటీసు. అంతకుముందు ఇల్లు అద్దెకిస్తే ఎంత వస్తుందన్న అంచనా మీద పన్ను వేసేవాళ్లు. 2020 నవంబరులో చట్టం మార్చి, 2021 ఏప్రిల్ నుంచి ఇంటి విలువ మీద, అంటే రిజిస్ట్రేషన్ ఆఫీసు విలువల మీద వేస్తున్నారు. ఆ విలువ పెరిగితే పన్నూ పెరుగుతుంది. కానీ పాత పన్ను మీద ఏడాదికి పదిహేను శాతం కన్నా ఎక్కువ పెంచకూడదని పరిమితి ఉంది. సొంతంగా ఉండే ఇల్లు 375 చదరపు అడుగుల లోపు ఉంటే పన్ను ఏడాదికి 50 రూపాయలే. ఈ ముక్క తెలియక ఎక్కువ కట్టే అవకాశం ఉంది, ఇంటి కొలత నోటీసులో ఎంత రాశారో చూసుకోండి. కొలత తప్పుంటే వార్డు సచివాలయంలో రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి రసీదు తీసుకోవాలి. ఏడాది పన్ను మొత్తం ఏప్రిల్ నెలాఖరులోపు కడితే అయిదు శాతం తగ్గింపు ఉంటుంది. ఆలస్యమైతే నెలకి రెండు శాతం వడ్డీ. మన సంఘం అంతర్గత అప్పు వడ్డీతో పోల్చి చూసుకుంటే ఇది ఎంత భారమో తెలుస్తుంది.

చెత్త రుసుము సంగతి కూడా గుర్తుండే ఉంటుంది. 2021 అక్టోబరులో మొదలై ఇంటింటికీ వసూలు చేశారు. జనం మూడేళ్లు గొణిగారు, గట్టిగా అన్నారు, కొన్ని చోట్ల కట్టలేదు. 2024 ఆఖర్లో తీసేశారు. రామనగర్ పాకలు లేకుండానే ఒక రుసుము పోయింది. ఓటు ఉన్న కాలానికీ, లేని కాలానికీ తేడా అదేననిపిస్తుంది.

ఇక కౌన్సిల్ పని. నెలకొకసారి సమావేశం. దానికి ముందు ఎజెండా అని ఒక కాగితం తయారవుతుంది. ఏ రోడ్డుకి ఎంత, ఏ కాలవకి ఎంత, ఏ దుకాణం వేలం, ఏ పంపు మోటారు రిపేరు, అన్నీ అంశాలుగా అందులో ఉంటాయి. అందులో లేనిది సమావేశంలో పైసా అవ్వదు. కౌన్సిలర్ గారికి రోడ్డు మీద ఎదురైనప్పుడు చెప్పిన మాట ఎజెండా కాదు. ఆ కాగితంలో అంశంగా ఎక్కాలి, తీర్మానం కావాలి, ఎస్టిమేటు కావాలి, నిధి ఏదో రాయాలి, టెండరు పిలవాలి. ఈ అయిదు మెట్లలో మన పని ఏ మెట్టు దగ్గర ఆగిందో తెలిస్తే అడగడం సులువు.

నిధి అన్న చోట ఒక విషయం. ఇంటి పన్ను ఒక్కటే కాదు, కేంద్రం నుంచి ఆర్థిక సంఘం డబ్బు వస్తుంది. 15వ ఆర్థిక సంఘం కాలం 2021 నుంచి 2026 దాకా. మనలాంటి పట్టణాలకి వచ్చే ఆ డబ్బులో అరవై శాతం మంచినీళ్లకీ పారిశుద్ధ్యానికే వాడాలి. కాబట్టి కాలవ అడిగితే "నిధుల్లేవు" అన్న జవాబు వచ్చినప్పుడు, ఆ అరవై శాతంతో ఏ పనులు పెట్టారో జాబితా చూపించమని అడగొచ్చు. చూపించకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి రుసుము లేదు.

ఇది మాటలకి చెప్పడం లేదు. మన పట్టణంలో ఒక బస్తీలో పదేళ్లుగా కాలవ లేదు. వాడుక నీళ్లు సందులోనే నిలుస్తాయి, వానొస్తే గడప దాటుతాయి. అక్కడి ఎస్‌ఎల్‌ఎఫ్ సభ్యులు సోమవారం అర్జీల్లో మూడుసార్లు ఇచ్చారు. మూడుసార్లూ "ఎస్టిమేటు పంపాం" అన్న సమాధానం వచ్చింది. నాలుగోసారి వాళ్లు అర్జీ ఇవ్వలేదు. ఆర్థిక సంఘం పనుల జాబితా కోసం దరఖాస్తు పెట్టారు. జాబితా వచ్చింది. అందులో ఆ సందు పేరు లేదు. అంటే ఎస్టిమేటు ఎక్కడికీ వెళ్లలేదు. ఆ కాగితం పట్టుకుని ఇరవై మంది కౌన్సిలర్ ఇంటికి వెళ్లారు. ఆమె కూడా ఒకప్పుడు సంఘం సభ్యురాలే. ఆవిడ భర్త వచ్చి నేను చూస్తాలే అన్నాడు. "అన్నయ్యా, మీరు కాదు, వదినగారితో మాట్లాడాలి" అని కూర్చున్నారు. ఆమె వచ్చింది, కాగితం చదివింది, వచ్చే నెల ఎజెండాలో అంశం పెట్టించింది. తీర్మానం అయింది.

కాలవ ఇంకా పడలేదు. టెండరు పిలవాల్సి ఉంది. మనకి ఉన్న గడువు కూడా తక్కువే. 2021 మార్చిలో ఎన్నికైన కౌన్సిళ్ల అయిదేళ్లు 2026 మార్చితో అయిపోతాయి. ఆ తర్వాత ఎన్నికలు వెంటనే జరగకపోతే ప్రత్యేకాధికారి పాలన వస్తుంది. 2010 నుంచి 2014 దాకా ఒకసారి, 2019 నుంచి 2021 దాకా ఇంకోసారి అలాగే గడిచింది. ఆ రోజుల్లో అడగడానికి కౌన్సిలర్ లేరు, ఎజెండా లేదు, సంతకం పెట్టేది ఒక్క అధికారే.

ఆ తీర్మానం నకలు, పనుల జాబితా, అర్జీల రసీదులు మూడూ సమాఖ్య ఆఫీసులో నీలం ఫైల్లో ఉన్నాయి. మీ వీధికి సంబంధించిన కాగితాలు కూడా ఒక జిరాక్స్ తీసి అందులో పెట్టించండి. టెండరు గురించి అడగడానికి వచ్చే నెల మొదటి సోమవారం ఆ ఎస్‌ఎల్‌ఎఫ్ వాళ్లు మళ్లీ వెళ్తున్నారు. మిగతా ఎస్‌ఎల్‌ఎఫ్‌ల నుంచి ఇద్దరేసి చొప్పున తోడు రమ్మని అడిగారు. పేర్లు ఆర్‌పీ దగ్గర రాయించండి.